కాలిక్యులస్ క్లాసుకు ముందు ఒక సంతకం

బడి తెరిచిన మొదటి వారంలోనే ఆ కాగితం ఇంటికొస్తుంది. టెక్సాస్‌లో అయితే ఆగస్టు నడిమికల్లా, న్యూజెర్సీలో అయితే సెప్టెంబరు మొదట్లో. ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో, కాలిఫోర్నియాలోని కుపర్టినోలోనో ఒక తెలుగింట్లో పన్నెండో తరగతి చదివే పిల్ల దాన్ని బ్యాగులోంచి తీసి, ‘‘నాన్నా, సంతకం పెట్టు. శుక్రవారంలోపు ఇచ్చేయాలి’’ అంటుంది. నాన్నకు మొదట అర్థం కాదు. ఆయన ఎరిగినంతలో సంతకం అడిగేది ప్రోగ్రెస్ కార్డు మీదే. ఇంకా ఒక్క పరీక్షా జరగలేదు, పాఠమే సరిగ్గా మొదలవలేదు. మరి దేనికి సంతకం?

తీరా చూస్తే అది కాలిక్యులస్ క్లాసు నియమాల పత్రం. మూడు నాలుగు పేజీలుంటుంది. ఏ నెలలో ఏ పాఠం, హోంవర్క్‌కు ఎంత విలువ, ఆలస్యంగా ఇస్తే ఏమవుతుంది, జ్వరమొచ్చి పరీక్ష తప్పితే ఎప్పుడు రాయాలి, ఫోన్ ఎక్కడ పెట్టాలి, ఏ కాలిక్యులేటర్ తెచ్చుకోవాలి, కాపీ అంటే ఏమిటి, బడి గంటకు ముందు టీచర్ ఏ రోజు ఎన్నింటికి దొరుకుతారు... అన్నీ అందులో రాసి ఉంటాయి. చివర రెండు గీతలు. ఒకటి పిల్ల సంతకానికి, ఒకటి తల్లిదండ్రులకు. చాలా పత్రాల్లో వాటి కింద ఒక ఖాళీ గడి కూడా ఉంటుంది. దాని సంగతి తర్వాత.

ఈ నాన్న విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటర్ ఎంపీసీ చదివిన మనిషి అయితే, కాలిక్యులస్ ఆయనకు కొత్త కాదు. ఫస్టియర్ వన్-బీలో లిమిట్లు, డిఫరెన్షియేషన్. సెకండియర్ టూ-బీలో ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. తెలుగు మీడియం వాళ్లకు అవే అవధులు, అవకలనం, సమాకలనం. 75 మార్కుల పేపరు. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు. ఏ చాప్టర్ చేస్తే ఏ ఏడు మార్కులు ఖాయమో కాలేజీలో లెక్చరర్లు వేళ్ల మీద చెప్పేవారు. మూడు గంటల్లో రాసిందే రాత. ఏడాది పొడుగునా కష్టపడ్డావా, చివరి నెలలో మేలుకున్నావా అన్నది ఏ లెక్కలోకీ రాదు. అక్కడ క్రమశిక్షణకు కొదవ లేదు, స్టడీ అవర్లకు అంతకన్నా లేదు. కానీ ‘నీ నుంచి నాకు ఇది కావాలి, నా నుంచి నీకు ఇది దొరుకుతుంది’ అని ఏ లెక్చరరూ కాగితం మీద రాసి చేతికివ్వలేదు. అందుకే ఆ నాలుగు పేజీలను ఆయన రెండుసార్లు చదువుతాడు.

రెండు తీర్పులు

అమెరికా హైస్కూల్లో కాలిక్యులస్ అంటే ఎక్కువచోట్ల ఏపీ కాలిక్యులసే. ఏపీ అంటే అక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చెప్పి, చివర దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టే పద్ధతి. కాలేజ్ బోర్డు 1950ల మధ్యలో దీన్ని చేతికి తీసుకుంది. కాలిక్యులస్ 1969 నుంచి రెండు కోర్సులుగా విడిపోయింది. ఏబీలో లిమిట్లు, డెరివేటివ్‌లు, ఇంటిగ్రల్స్. బీసీలో అవి కాక అనంత శ్రేణులు, పోలార్, పారామెట్రిక్ వక్రాలు కూడా. ఈ మధ్య సంవత్సరాల్లో రెండూ కలిపి ఏటా నాలుగు లక్షల మందికి పైగా రాస్తున్నారు.

పరీక్ష మూడుంపావు గంటలు. 45 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఆరు పెద్ద ప్రశ్నలు. వీటిలో 15 చిన్నవాటికీ రెండు పెద్దవాటికీ మాత్రం గ్రాఫ్ గీసే కాలిక్యులేటర్ ఉండాలి. మిగతా వాటికి దాన్ని బల్ల మీద పెట్టనివ్వరు. స్కోరు 1 నుంచి 5 దాకా. 2025 మే నుంచి చిన్న ప్రశ్నలకు కంప్యూటర్ తెర మీద జవాబిస్తున్నారు. పెద్ద ప్రశ్నలకు మాత్రం ఇప్పటికీ పెన్నూ పెన్సిలే.

తెలుగు తల్లిదండ్రులు తరచు తికమకపడేది ఇక్కడే. క్లాసు గ్రేడు వేరు, ఏపీ స్కోరు వేరు. గ్రేడు ఇచ్చేది పాఠం చెప్పిన టీచర్. ఏడాది పొడుగునా రాసిన క్విజ్‌లు, టెస్టులు, హోంవర్కు కలిసి అది తయారవుతుంది. స్కోరు ఇచ్చేది పిల్ల ముఖం ఎన్నడూ చూడని బోర్డు. అది జులైలో వస్తుంది. పన్నెండో తరగతి పిల్లలకైతే ఏపీ పరీక్ష జరిగేది మేలో, కాలేజీలు ఉత్తరాలు పంపేది మార్చిలోనే. సీటు వచ్చేశాక కూడా చదివించాలి. చివరి సెమిస్టర్లో పిల్లలకు పట్టే ఈ బద్ధకానికి అక్కడి టీచర్లు ‘సీనియరైటిస్’ అని జబ్బు పేరే పెట్టారు. నియమాల పత్రంలో సగం దానికి ముందుజాగ్రత్త మందే.

పైగా ఆ పత్రం టీచర్ ఇష్టానికి రాసుకున్నదీ కాదు. 2007-08 విద్యాసంవత్సరం నుంచి ఏ బడి అయినా తన కోర్సుకు ‘ఏపీ’ అని పేరు పెట్టుకోవాలంటే, టీచర్ తన పాఠ్యప్రణాళికను కాలేజ్ బోర్డుకు పంపి ఆమోదం పొందాలి. పిల్లల్ని పరీక్షించే ముందు టీచర్ పెట్టుకున్న ప్రణాళికను పరీక్షిస్తారన్నమాట.

గిన్నెలో పాల సీసా

ప్రతి పత్రంలోనూ తప్పకుండా కనిపించే నియమం ఒకటుంది: పని చూపించాలి. ఉత్త జవాబుకు మార్కుల్లేవు. ఇది మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఇంటర్ పేపరులోనూ మెట్లకు మార్కులుంటాయి. కొత్తదల్లా ఏ మెట్టుకు ఎంత, ఎందుకు అన్నది బోర్డు బహిరంగంగా చెప్పేయడం. మే పరీక్షలో వచ్చిన పెద్ద ప్రశ్నల్ని కొద్ది రోజుల్లోనే అందరికీ విడుదల చేస్తారు. ఆ తర్వాత మార్కుల పట్టిక, పిల్లలు రాసిన జవాబుల నమూనాలు కూడా పేర్లు తీసేసి పెడతారు. టీచర్లు వాటినే క్లాసుకు తెచ్చి, ‘ఇదిగో, ఇక్కడ ఒక మార్కు పోయింది’ అని చూపిస్తారు.

2023 మేలో వచ్చిన మూడో ప్రశ్ననే తీసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాల సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టారు. పాలు మొదట ఐదు డిగ్రీల చల్లదనంలో ఉన్నాయి. 40 డిగ్రీలకు ఇంకా ఎంత తక్కువగా ఉన్నాయో, అందులో నాలుగో వంతు చొప్పున నిమిషానికి వేడెక్కుతున్నాయి. ప్రశ్న చివరి భాగంలో, ఏ నిమిషానికి ఎంత వేడి ఉంటుందో చెప్పే సమీకరణం కనుక్కోవాలి. వంటింట్లో పసిపిల్లల పాలసీసా వెచ్చబెట్టిన ఏ అమ్మకైనా తెలిసిన విషయమే. మొదట గబగబా వేడెక్కి, పోనుపోను నెమ్మదిస్తాయి.

ఆ చివరి భాగానికి నాలుగు మార్కులు. వేడికి సంబంధించిన రాశిని ఒక వైపుకూ కాలాన్ని ఇంకో వైపుకూ వేరు చేసినందుకు ఒకటి. రెండు వైపులా ఇంటిగ్రేట్ చేసినందుకు ఒకటి. ‘ప్లస్ సి’ పెట్టి, మొదటి ఐదు డిగ్రీలను అందులో వాడినందుకు ఒకటి. తుది సమీకరణానికి ఒకటి. అసలు వేరు చేయకుండా మొదలుపెడితే నాలుగూ పోతాయి. ప్లస్ సి మరిచిపోతే మొదటి రెండు దగ్గరే ఆగిపోవాలి, తర్వాత ఎంత చక్కగా చేసినా సరే.

ఇంత కఠినమెందుకు అని పిల్లలు అడుగుతారు. మంచి టీచర్ దానికి రూలు పుస్తకం చూపించరు, లెక్కే చేసి చూపిస్తారు. సి లేకుండా పని పూర్తి చేసి, కాలం దగ్గర సున్నా వేసి చూడండి. పాల వేడి 39 డిగ్రీలని వస్తుంది. అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు! సి అన్నది ఆ పాలు ఎక్కడ మొదలయ్యాయో గుర్తుపెట్టుకునే అక్షరం. దాన్ని వదిలేస్తే సమీకరణానికి గతం ఉండదు. ఇది ఒక్కసారి కళ్లతో చూసిన పిల్ల మళ్లీ సి మరవదు.

ఇలాంటి పట్టింపులు ఇంకా ఉన్నాయి. కాలిక్యులేటర్‌తో వచ్చిన జవాబు దశాంశం తర్వాత మూడు స్థానాలకు సరిపోవాలి. లోపిటాల్ సూత్రం వాడితే లవమూ హారమూ విడివిడిగా సున్నాకు చేరుతున్నాయని చూపాలి. సున్నా బై సున్నా అని రాసేస్తే ఒప్పుకోరు. మీన్ వాల్యూ సిద్ధాంతం వాడేముందు ప్రమేయం తెగకుండా ఉందని, అవకలనానికి లొంగుతుందని చెప్పాలి. ఇంటర్‌లో మార్కుల కోసం కంఠతా పట్టిన ఆ షరతులే ఇక్కడ తీర్పుకు ఆధారాలవుతాయి. మరోవైపు, మనం ప్రాణం పెట్టే ఒక పనిని వీళ్లు పట్టించుకోరు. అంకెల జవాబును సూక్ష్మీకరించకుండా వదిలేసినా పూర్తి మార్కులిస్తారు. కాలిక్యులస్ వచ్చా రాదా అన్నదే ప్రశ్న. భిన్నాల కూడిక కాదు.

సున్నా బరువు

నియమాల పత్రంలో ఎక్కువ తగాదాలు తెచ్చేది గ్రేడు లెక్క. నాలుగు టెస్టుల్లో 85 చొప్పున తెచ్చుకున్న పిల్ల ఐదోది ఎగ్గొట్టి సున్నా తెచ్చుకుందనుకుందాం. సగటు 68. చాలా బడుల్లో అది ‘డి’. ఆ సున్నాకు బదులు కనీసం 50 వేస్తే సగటు 78, అంటే ‘సి’. పిల్లకు వచ్చిన కాలిక్యులస్ రెండు లెక్కల్లోనూ ఒకటే. దేన్ని నమ్మాలి?

కనీసం 50 ఇవ్వాలనే వాదం కొన్నేళ్లుగా బలపడింది. జో ఫెల్డ్‌మన్ 2018లో రాసిన ‘గ్రేడింగ్ ఫర్ ఈక్విటీ’ పుస్తకం దానికి ఊపు తెచ్చింది. హోంవర్క్‌కు గ్రేడులో చోటు తగ్గించాలని, పరీక్ష మళ్లీ రాయనివ్వాలని అందులోని వాదన. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఆ దారిలో ఒక ప్రయత్నం చేయబోయి, 2025 మేలో తల్లిదండ్రుల వ్యతిరేకతకు వెనక్కి తగ్గారు. చేయని పనికి సగం మార్కులా అన్నది వాళ్ల కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే అదే మూటలో కొట్టుకుపోతున్న మంచి నియమం ఒకటుంది. అది మళ్లీ రాయనివ్వడం. కాలిక్యులస్‌లో ఒక చాప్టర్ మీద మరో చాప్టర్ కూర్చుంటుంది. చెయిన్ రూల్ రాకపోతే సబ్‌స్టిట్యూషన్ రాదు. అక్టోబరులో తప్పినవాడు నవంబరులో నేర్చుకుంటే, ఆ నేర్చుకున్నదానికే గ్రేడు ఇవ్వాలి. ఊరికే ఇచ్చే యాభై కన్నా, తప్పుల్ని దిద్దుకుని వచ్చి రాసి సంపాదించుకున్న అరవై ఎంతో మేలు. చాలామంది టీచర్లు మధ్యేమార్గంగా ‘టెస్ట్ కరెక్షన్లు’ పెడతారు. ఏది తప్పు, ఎందుకు తప్పు, సరైనది ఏది అని వాక్యాల్లో రాసుకొస్తే పోయిన మార్కుల్లో కొన్ని తిరిగిస్తారు.

రెండో అవకాశం అనే మాట మన దగ్గర ఎంత బరువైనదో వేరే చెప్పనక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఫలితాలొచ్చిన రోజుల్లో పిల్లల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత గానీ ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించాలన్న ఆదేశం రాలేదు.

ఆగస్టులో మళ్లీ రాసిన 12 మంది

కాలిక్యులస్ క్లాసు నియమాల గురించి మాట్లాడుకుంటూ హైమే ఎస్కలాంటే పేరు తలవకుండా ముందుకెళ్లలేం. 1930లో బొలీవియాలోని లా పాజ్‌లో పుట్టాడు. అక్కడ ఫిజిక్స్, లెక్కలు చెప్పాడు. 1960లలో అమెరికా వచ్చేనాటికి ఇంగ్లిష్ రాదు. హోటల్లో నేల తుడిచాడు, ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేశాడు, రాత్రి చదువు చదివి మళ్లీ డిగ్రీ తెచ్చుకున్నాడు. 1974లో తూర్పు లాస్ ఏంజిలిస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో టీచరయ్యాడు. ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న పేద కుటుంబాల పిల్లలు. వాళ్లకు కాలిక్యులస్ ఏమిటని అడిగినవాళ్లు బడి బయట కంటే లోపలే ఎక్కువ.

వెంటనే అద్భుతమేమీ జరగలేదు. తొలి కాలిక్యులస్ క్లాసు పెట్టడానికే నాలుగేళ్లు పట్టింది. 1979లో ఆ క్లాసు నుంచి పరీక్ష దాకా మిగిలింది ఐదుగురు. 1981 నాటికి 15 మంది రాస్తే 14 మంది గట్టెక్కారు. ఎస్కలాంటే నియమాలు కఠినమైనవే. పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ ఒప్పందం మీద సంతకాలు చేయించుకునేవాడు. రోజూ రావాలి, రోజూ హోంవర్కు చేయాలి, పొద్దున ముందు రావాలి, సాయంత్రం ఆగాలి. ఆ ఒప్పందంలో రెండో వైపు ఆయనే ఉన్నాడు. పిల్లలు ఎంత ముందొస్తే అంతకంటే ముందే ఆయన గదిలో ఉండేవాడు. అడిగిందల్లా ఒక్కటే: ‘గానాస్’. స్పానిష్‌లో ఆ మాటకు కోరిక, పట్టుదల రెండూ కలిసిన అర్థం. క్లాసులోకి రావడానికి ప్రవేశపరీక్ష మార్కులకన్నా అదే పెద్ద అర్హత ఆయనకు.

1982లో 18 మంది రాశారు. 18 మందీ పాసయ్యారు. పరీక్ష నిర్వహించిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌కు అనుమానం వచ్చింది. జవాబుల్లో ఒకే రకం పొరపాట్లు కనిపించాయంటూ 14 మందిని మళ్లీ రాయమంది. బడి అయిపోయి నెలలు గడిచాయి. పుస్తకాలు మూసేశారు. అయినా ఆగస్టు చివర 12 మంది మళ్లీ కూర్చున్నారు. ఈసారి కొత్త ప్రశ్నలు, పక్కన కాపలా. 12 మందీ పాసయ్యారు. ఏడాది పొడుగునా రోజూ చేసినది ఏ మూడు నెలల సెలవులకూ కరిగిపోలేదు.

1988లో వచ్చిన ‘స్టాండ్ అండ్ డెలివర్’ సినిమా ఈ కథను ప్రపంచానికి చెప్పింది. ఎస్కలాంటే పాత్ర వేసిన ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కానీ సినిమా ఒక అపోహ కూడా పంచింది. భిన్నాలు రాని పిల్లలు ఒక్క ఏడాదిలో కాలిక్యులస్ నేర్చేశారని అందులో కనిపిస్తుంది. అసలు జరిగింది వేరు. ఆల్జీబ్రా నుంచి మెట్టుమెట్టుగా పిల్లల్ని తెచ్చారు. ఈస్ట్ లాస్ ఏంజిలిస్ కాలేజీలో వేసవి క్లాసులు పెట్టి జామెట్రీ, ట్రిగనామెట్రీ పూర్తి చేయించారు. ప్రిన్సిపాల్ హెన్రీ గ్రడియాస్ వెన్నుకాశారు. 1987లో ఆ ఒక్క బడి నుంచే ఏబీలో 73 మంది, బీసీలో 12 మంది పాసవడం వెనుక పదేళ్లకు పైబడిన నిర్మాణం ఉంది. ప్రిన్సిపాల్ మారాక, 1991లో ఎస్కలాంటే కూడా వెళ్లిపోయాక ఆ సంఖ్యలు నిలబడలేదు. ఒక్క మహానుభావుడి కథగా చెప్పుకున్నంత కాలం ఈ ముక్క మనకు కనపడదు.

కాలిక్యులస్ క్లాసులోకి ఎవరిని రానివ్వాలన్న తగవు ఇప్పటికీ తెగలేదు. పన్నెండులో కాలిక్యులస్ చదవాలంటే మామూలుగా ఎనిమిదిలోనే ఆల్జీబ్రా పూర్తవ్వాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను అందరికీ తీసేశారు, పిల్లల మధ్య అంతరం తగ్గుతుందన్న ఆశతో. స్తోమత ఉన్నవాళ్లు బయట కొనుక్కున్నారు. 2024లో పాఠశాల బోర్డు దాన్ని తిరిగి తేవాలని తీర్మానించింది.

మార్కులు ఎవరివి?

హైదరాబాద్‌లో ఫలితాల మర్నాడు పేపరు తెరిస్తే ర్యాంకులు, ఫొటోలు, పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు పేజీల నిండా ఉంటాయి. ఫ్రిస్కో నాన్నకు అమ్మాయి క్లాసులో ఎవరెవరికి ఎంతొచ్చిందో తెలుసుకోవాలని ఉంటుంది. కుదరదు. 1974 నాటి సమాఖ్య చట్టం ప్రకారం పిల్ల రికార్డు చూసే హక్కు ఆమె తల్లిదండ్రులదే, 18 నిండాక ఆమెదే. పేర్లతో మార్కుల జాబితా గోడకు అంటించడానికి వీల్లేదు. ఓక్లహోమాలో పిల్లలు ఒకరి పేపరు ఒకరు దిద్ది మార్కులు పైకి చదవడం కూడా ఈ చట్టానికి విరుద్ధమేనని ఒక తల్లి కోర్టుకెళ్లింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అలా దిద్దుకోవడం తప్పు కాదని 2002లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. ఆమె ఓడిపోయింది. కానీ పిల్ల మార్కు పిల్ల సొంత విషయమన్న ఆలోచన అంత పెద్ద గడప దాకా వెళ్లడమే గొప్ప.

ఈ మధ్య పత్రాల్లో ఒక పేరా పెరిగింది. ఫోన్ కెమెరాతో లెక్కను చూపిస్తే మెట్లతో సహా జవాబిచ్చే ఫొటోమ్యాథ్ లాంటి యాప్‌లు వచ్చి పదేళ్లు దాటింది. ఇప్పుడు ఏఐ తోడైంది. నిషేధమని రాసేసి ఊరుకున్నవాళ్లున్నారు. తెలివైన టీచర్లు మాత్రం హోంవర్క్ బరువు తగ్గించి, కళ్లెదుట రాసే చిన్న క్విజ్‌లు పెంచారు. ‘ఈ మెట్టు ఎందుకు?’ అని బోర్డు దగ్గరకు పిలిచి అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు యాప్ పక్కన నిలబడి జవాబు చెప్పదు.

ఇక ఆ ఖాళీ గడి. కొందరు టీచర్లు దాన్ని సగం పేజీ వదులుతారు. ‘మీ అమ్మాయి గురించి లేదా అబ్బాయి గురించి నాకు తెలియాల్సింది ఏమైనా ఉంటే రాయండి’ అని అడుగుతారు. సంతకం పెట్టడానికి నాన్నకు ఒక్క క్షణం పట్టింది. ఈ గడి దగ్గర పెన్ను ఆగుతుంది. ఇంటర్‌లో ఆయన గురించి ఏ లెక్చరరూ వాళ్ల నాన్నను ఇలా అడగలేదు. మార్కులు రాయాలా? మూడో తరగతిలో గెలిచిన అబాకస్ పోటీ రాయాలా? అమ్మ గరిటె పట్టుకునే వచ్చి పక్కన నిలబడి చదువుతుంది. ‘‘తప్పు చేస్తే వెంటనే ఏడుపొస్తుంది దానికి, అది రాయండి. అడగడానికి సిగ్గుపడుతుంది, అదీ రాయండి’’ అంటుంది. ఆయన రాస్తాడు. పిల్ల భుజం మీంచి తొంగిచూసి ‘‘అమ్మా!’’ అని గొంతు పెంచుతుంది. కానీ కాగితం లాక్కోదు. శుక్రవారం పొద్దున జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంటుంది.